కాలరు బుష్షు కంటైనరు ఎక్కేదాకా

పొడవు 60 మిల్లీమీటర్లు. ఒంటి వ్యాసం 40. ఒక కొసన 52 మిల్లీమీటర్ల కాలరు. నడుమ 25 మిల్లీమీటర్ల బోరు. గుప్పిట్లో ఇమిడిపోయే ఈ ఉక్కు ముక్కని కాలరు బుష్షు అంటారు. యూరపులో ఎక్కడో ఒక ప్యాకింగ్ యంత్రంలో షాఫ్టు తిరిగే చోట కూర్చుని, అరిగిపోయేదాకా ఎవరి కంటా పడకుండా పనిచేస్తుంది. ఇలాంటివి హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు చుట్టుపక్కల షెడ్లలో తయారవుతాయి. కర్దనూర్, పాటి, ముత్తంగి వైపు ఔటర్ రింగు రోడ్డు దిగి లోపలికి వెళ్తే రేకుల షెడ్డు, ముందు ఒక ట్రాన్స్‌ఫార్మరు, లోపల రెండు మూడు సీఎన్‌సీ యంత్రాలు, మూల ఒక పాత లేతు. ముక్క ఏదైనా, ఫ్లాంజి కానీ వాల్వు భాగం కానీ, దారి దాదాపు ఒకటే. అర్థం కావడం తేలిక కాబట్టి బుష్షునే తీసుకుందాం.

పటాన్‌చెరు అనగానే పత్రికల్లో కనబడేది మందుల కంపెనీలూ నక్కవాగు కాలుష్యమూ. ఈ బెల్టుకి ఇంజినీరింగు చేయి కూడా ఉంది, అది తక్కువ మందికి తెలుసు. 1960ల్లో రామచంద్రాపురంలో భెల్ వచ్చింది. భానూరులో బీడీఎల్, ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, పాశమైలారంలో కిర్బీ, రుద్రారంలో తోషిబా ట్రాన్స్‌ఫార్మర్లు ఆ తర్వాతి కాలానివి. పెద్ద ఫ్యాక్టరీ ఉన్నచోట దానికి నట్టు, బుష్షు, బ్రాకెట్టు అందించే చిన్న షెడ్డు పుడుతుంది. అలా పుట్టిన షెడ్లలో కొన్ని నేరుగా, ఎక్కువ భాగం ఇంకొకరి బిల్లు మీద, విదేశాలకు సరుకు పంపుతున్నాయి. పెట్టె మీద ఊరి పేరు ఉండదు కాబట్టి ఊళ్లోనే ఆ సంగతి చాలామందికి తెలియదు.

పని మొదలయ్యేది యంత్రం దగ్గర కాదు, డ్రాయింగు దగ్గర. కొనేవాడు పంపిన పీడీఎఫ్‌లో బోరు పక్కన 25 హెచ్7 అని ఉంటుంది. దాని లెక్క ఇది: బోరు 25.000 కన్నా తగ్గకూడదు, 25.021 దాటకూడదు. మధ్యలో దొరికిన జాగా 21 మైక్రాన్లు. తల వెంట్రుక మందం దీనికి మూడు నాలుగు రెట్లుంటుంది. ఇంకోచోట ఉపరితలం నునుపు 1.6 మైక్రాన్లని ఉంటుంది. మెటీరియల్ సి45 అని ఉంటుంది. మన బజారులో దానికి దగ్గరగా దొరికేది ఈఎన్-8. దగ్గరే కానీ అదే కాదు. అడిగి, రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే కొనాలి. ధర చెప్పే తొందరలో ఇలా అడిగే మెయిలు ఎగ్గొట్టిన షెడ్డు చివర్లో మొత్తం లాటు వెనక్కి తెచ్చుకుంటుంది.

పద్ధతిగా పనిచేసే చోట డ్రాయింగు మీద ప్రతి కొలత చుట్టూ చిన్న గుండ్రం గీసి నంబరు వేస్తారు. 1 బోరు, 2 ఒంటి వ్యాసం, 3 కాలరు మందం, ఇలా. తర్వాత తనిఖీ కాగితంలో అవే నంబర్లు వరసగా వస్తాయి. పావుగంట పని. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఎర్ర పెన్ను చాలు. అయినా చాలా షెడ్లలో ఇది జరగదు. డ్రాయింగు, యంత్రాన్ని పనికి సిద్ధం చేసే సెట్టరు ఫోన్లో, వాట్సాప్ ఫొటోగా ఉంటుంది, వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తుంటాడు. రివిజన్ మారితే పాత ఫొటోయే ముందు తగులుతుంది.

తర్వాత మెటీరియల్. 55 మిల్లీమీటర్ల రౌండు బారు రాణిగంజ్ నుంచో బాలానగర్ నుంచో వస్తుంది. బారుతో పాటు ఉక్కు మిల్లు ఇచ్చిన టెస్టు సర్టిఫికెట్టు రావాలి. యూరపువాళ్లు 3.1 రకం అని అడిగేది దీన్నే. అందులో ఉక్కు ఏ కరుగు నుంచి వచ్చిందో చెప్పే హీట్ నంబరు ఉంటుంది. అదే నంబరు బారు కొసన పెయింటుతో రాసి ఉండాలి, కోసిన ముక్కల ట్రే మీద ఉండాలి, చివరికి పెట్టె లోపలి చీటీ మీదా ఉండాలి. ఎక్కడ తెగినా ఆ ఉక్కు అనాథ.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. బారు నుంచి 63 మిల్లీమీటర్ల ముక్క కోస్తే దాని బరువు సుమారు కిలో 175 గ్రాములు. బుష్షు తయారయ్యాక తూస్తే 430 గ్రాములు. మిగిలిన 745 గ్రాములు రజనుగా డ్రమ్ములోకి పోతాయి. కొన్న ఉక్కులో మూడింట రెండొంతులకు దగ్గరగా తుక్కు ధరకి అమ్ముకుంటున్నామన్న మాట, పైగా దాన్ని తుక్కు చేయడానికి కరెంటు, టూలు, మనిషి టైము ఖర్చు పెట్టి మరీ. బోరు ముందే ఉన్న బోలు బారు కొంటే డ్రిల్లింగే తప్పుతుంది. కాలరు ఆకారం ముందే వచ్చిన ఫోర్జింగు కొంటే ఇంకా తగ్గుతుంది. 200 ముక్కలకి ఫోర్జింగు డై ఖర్చు గిట్టదు, బోలు బారు గిట్టవచ్చు. ఎవరైనా కూర్చుని లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఆ కూర్చునే మనిషే కర్దనూర్ సైజు షెడ్డులో లేడు. యజమాని పొద్దున్నే బ్యాంకులో, మధ్యాహ్నం జీఎస్టీ ఆడిటరు దగ్గర, సాయంత్రం రాణిగంజ్‌లో ఉంటాడు.

కోత బ్యాండ్ సా మీద. పాత పవర్ హాక్సా కంటే బ్లేడు సన్నం, కోతకి పోయే ఉక్కు తక్కువ. దీని గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు.

ఇప్పుడు యంత్రం. లేతు మీద పాతకాలపు హైస్పీడు స్టీలు టూలుతో ఉక్కుని నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోస్తారనుకుందాం. 40 మిల్లీమీటర్ల వ్యాసానికి అది సుమారు 240 చుట్లు. కార్బైడు ఇన్సర్టుతో నిమిషానికి 200 మీటర్లు పోవచ్చు, అంటే సుమారు 1,590 చుట్లు. చుట్టుకి 0.2 మిల్లీమీటరు చొప్పున జరిపితే, 60 మిల్లీమీటర్ల పొడవు ఒకసారి కోయడానికి మొదటిదానికి 75 సెకన్లు, రెండోదానికి 11 సెకన్లు. సీఎన్‌సీ కొన్నవాళ్లంతా చూపించే లెక్క ఇదే. అబద్ధమేమీ కాదు. బెంగళూరు, రాజ్‌కోట్, కోయంబత్తూరు తయారీ యంత్రాలు వచ్చాక ధర కూడా చిన్నవాళ్లకి అందుబాటులోకి దిగింది. కానీ ఈ లెక్కలో యంత్రం కోస్తున్న సేపే ఉంది. ఆగి ఉన్న సేపు ఎంతో ఇందులో లేదు.

ఆగి ఉండేది ఎప్పుడంటే ముఖ్యంగా సెటప్‌లో. నిన్నటిదాకా ఇంకో కంపెనీ ఫ్లాంజి నడిచింది. ఇవాళ బుష్షు. ముక్కని పట్టుకునే చక్కు జాలు విప్పి 55 మిల్లీమీటర్లకి సరిపోయే మెత్త జాలు బిగించి, వాటిని యంత్రం మీదే బోరు చేసి సరిచేయాలి. టరెట్టులో రఫింగు టూలు, ఫినిషింగు టూలు, డ్రిల్లు, బోరింగు బారు ఒక్కొక్కటే బిగించి, ఒక్కొక్కదాని కొన ఎక్కడుందో యంత్రానికి చెప్పే ఆఫ్‌సెట్ తీయాలి. ప్రోగ్రాం పెట్టాలి. అందులో జీ96 అనే కోడు పెడితే వ్యాసం తగ్గేకొద్దీ యంత్రం తనే చుట్లు పెంచుకుంటుంది. జీ50తో దానికి గరిష్ఠ పరిమితి పెట్టకపోతే కేంద్రం దగ్గరికి వచ్చేసరికి చుట్లు యంత్రం గరిష్ఠం దాకా పెరిగి, ముక్క చక్కులోంచి ఎగిరే ప్రమాదం ఉంది. అనుభవమున్న సెట్టరు ఇవన్నీ ఒక పద్ధతిలో చేసుకుపోతాడు. ఆ పద్ధతి అతని తలలో ఉంటుంది. ఎలన్ కీ కోసం షెడ్డంతా తిరుగుతాడు. డ్రిల్లు స్లీవు పక్క యంత్రంలో ఉంటుంది, ఆ యంత్రం ఆగేదాకా కాచుకుంటాడు.

ఉదాహరణకి సెటప్‌కి మూడు గంటలు పట్టిందనుకుందాం. ముక్కకి నాలుగు నిమిషాలు. 200 ముక్కల ఆర్డరైతే నడక 800 నిమిషాలు, సెటప్ 180. మొత్తం కాలంలో సెటప్ వాటా 18 శాతం. ఫర్వాలేదనిపిస్తుంది. కానీ విదేశీ కొనుగోలుదారు ఇప్పుడు 200 ఒకేసారి తీసుకోడు. గోడౌనులో సరుకు పెట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. 50 చొప్పున నాలుగుసార్లు అడుగుతాడు. 50 ముక్కలకి నడక 200 నిమిషాలు, సెటప్ అదే 180. యంత్రం కాలంలో 47 శాతం బిగించడానికే పోయింది. అదే సెటప్‌ని 45 నిమిషాలకి తెస్తే? 45, 200 కలిపి 245. సెటప్ వాటా మళ్లీ 18 శాతం. అంటే 50 ముక్కల ఆర్డరు 200 ముక్కల ఆర్డరంత గిట్టుబాటవుతుంది. కొత్త యంత్రం కొనకుండానే.

180 నుంచి 45కి ఎలా వస్తుందంటే, అద్భుతమేమీ లేదు. 1969 ప్రాంతంలో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సు డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. షిగేవో షింగో అనే ఇంజినీరు దాన్ని ముందు గంటన్నరకి, తర్వాత మూడు నిమిషాలకి తెచ్చాడు. ఆయన పట్టుకున్నది ఒకటే విషయం. యంత్రం ఆగితేనే చేయగల పనులు కొన్ని, నడుస్తుండగానే చేసి పెట్టుకోగలవి కొన్ని. రెండో రకం పనులన్నీ ముందే చేసేయాలి. మన బుష్షు విషయంలో జాలు ముందే బోరు చేసి, నంబరు గుద్ది, అరలో పెట్టుకోవచ్చు. టూళ్లు, స్లీవులు, ఎలన్ కీలు, మొదటి ముక్కకి కావాల్సిన గేజిలు ఒక ట్రాలీలో యంత్రం పక్కకి తెచ్చుకోవచ్చు. ప్రోగ్రాంకి డ్రాయింగు నంబరే పేరు పెట్టి పెన్‌డ్రైవులో కాక ఒక కంప్యూటరులో దాచవచ్చు. ఏ టూలు ఏ స్టేషనులో, ఎంత పొడుగు బయటికి ఉండాలో ఒక ఏ4 కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో యంత్రం తలుపుకి తగిలించవచ్చు. దాన్ని సెటప్ షీటంటారు. ఈ బెల్టులో ఏ షెడ్డు ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవాలంటే నేనైతే యంత్రం బ్రాండు అడగను, ఆ కాగితం ఉందా అని చూస్తాను.

ఆ కాగితం ఎందుకు ఉండదు? సెట్టరు ఎందుకు రాయడు? చాలామంది యజమానులు చెప్పే జవాబు: "వాళ్లకి బద్ధకం సార్, చదువు లేదు." ఈ జవాబు నేను నమ్మను. సెట్టరు వైపు నుంచి చూడండి. అతని విలువంతా అతని తలలో ఉంది. అది కాగితం మీదికి వస్తే రేపు ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాడు సగం జీతానికి అదే పని చేస్తాడు. పైగా సెటప్ మూడు గంటలు పడితే సాయంత్రానికి పని మిగులుతుంది, మిగిలితే ఓవర్‌టైం, అంటే ఓటీ, వస్తుంది. చట్టం ప్రకారం ఓటీకి రెట్టింపు కూలి. ఎన్ని షెడ్లలో అంత ఇస్తారన్నది వేరే కథ. సింగిల్ రేటే ఇచ్చినా ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి ఇస్నాపూర్‌లో గది అద్దెకి తీసుకున్నవాడు ఇంటికి పంపే డబ్బు ఆ ఓటీలోంచే వస్తుంది. సెటప్ తగ్గించడమంటే అతని చేత అతని ఓటీనే కోయించడం. ఎవడు కోసుకుంటాడు?

ఇది ఊహాగానం కాదు. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాళ్ల ఎగుమతికి పేరున్న ఊరు. బంతికి 20 షట్కోణాలు, 12 పంచకోణాలు. కృత్రిమ తోలు నుంచి అచ్చుతో పంచకోణాలు కోసేటప్పుడు మధ్యలో చాలా ముక్క వృథా పోతుంది. కొలంబియా యూనివర్సిటీకి చెందిన ఎరిక్ వెర్హూగెన్, ఆయన సహచరులు వృథా తగ్గించే కొత్త అచ్చు రూపొందించి 35 కంపెనీలకి ఉచితంగా ఇచ్చారు. ఏడాది గడిచినా దాన్ని వాడుకలో పెట్టిన కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఎందుకని తరచి చూస్తే, తోలు కోసేవాళ్లకి కూలి ముక్కల లెక్కన. కొత్త అచ్చుతో మొదట్లో చేయి నెమ్మదిస్తుంది, కూలి పడిపోతుంది. తోలు మిగిలితే లాభం యజమానికి. అందుకే వాళ్లు యజమానితో ఇది పనికిరాదని చెప్పారు, యజమాని నమ్మాడు. తర్వాత కొన్ని కంపెనీల్లో, కొత్త అచ్చు వాడటం నేర్చుకుని చూపించిన కార్మికుడికి దాదాపు ఒక నెల సంపాదనంత డబ్బు ఇస్తామన్నారు. ఆ కంపెనీల్లో కొత్త అచ్చు వాడకం గణనీయంగా పెరిగింది. 2017లో అచ్చయిన ఈ పరిశోధన మన షెడ్ల గురించి కాదు, కానీ మన షెడ్లలో సెట్టరుకీ యజమానికీ మధ్య ఉన్న మాటరాని బేరం అచ్చంగా ఇదే.

సరే, సెటప్ అయింది. మొదటి ముక్క వస్తుంది. దాన్ని కొలవకుండా రెండోది కోయకూడదు. నంబర్లు వేసిన డ్రాయింగు ఇక్కడ పనికొస్తుంది. ఒంటికి మైక్రోమీటరు, పొడవుకి వెర్నియరు, బోరుకి డయల్ బోరు గేజి. 25 హెచ్7ని వెర్నియరుతో కొలిచేవాళ్లున్నారు. వెర్నియరు చదవగలిగేదే 20 మైక్రాన్లు, మనకున్న మొత్తం జాగా 21. కొలిచామనుకోవడమే తప్ప కొలిచింది లేదు.

బోరు కొలతలో ఇంకో చిక్కు ఉంది, అది మన ఎండలకీ మన తొందరకీ సంబంధించినది. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. యంత్రంలోంచి అప్పుడే తీసిన బుష్షు, గేజి కన్నా 20 డిగ్రీలు వేడిగా ఉందనుకోండి. 25 మిల్లీమీటర్ల బోరు దాదాపు 6 మైక్రాన్లు పెద్దగా కనిపిస్తుంది. ఆపరేటరు 25.004 చూసి సైజు వచ్చిందంటాడు. గంట తర్వాత చల్లారితే అది 24.998. గో ప్లగ్ గేజి లోపలికి పోదు. అప్పటికి ఇంకో 14 ముక్కలు అదే ఆఫ్‌సెట్‌తో అయిపోయి ఉంటాయి. ప్రపంచమంతా కొలతకి 20 డిగ్రీలని ప్రమాణంగా పెట్టుకున్నది ఇందుకే. మే నెల పటాన్‌చెరులో రేకుల షెడ్డు కింద 20 డిగ్రీలు కలలో మాట. ఏసీ గది కట్టలేని షెడ్డు కూడా చేయగలిగింది ఒకటుంది. ముక్కనీ గేజినీ సైజు పట్టే రింగునీ ఒకే గ్రానైటు పలక మీద కాసేపు పక్కపక్కన ఉంచి, మూడూ ఒకే వేడికి వచ్చాక కొలవడం. "ఆగు తమ్మీ, సల్లగ కానీ" అనే సెట్టరు ఆ షెడ్డుకి దొరికిన అదృష్టం.

తర్వాత నడక. ముక్క బిగించు, తలుపు వేయి, బటను నొక్కు, ముక్క తీయి. తలుపు తెరిస్తే స్పిండిలు ఆగిపోయేలా స్విచ్చు ఉంటుంది. కొన్ని సెకన్లు మిగులుతాయని దాన్ని పనిచేయకుండా చేసి నడిపే షెడ్లు ఉన్నాయి. అందరికీ తెలుసు, ఎవరూ ఒప్పుకోరు. ఇది ఉత్పాదకత కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా చనిపోయారు. అది వేరే పరిశ్రమ, వేరే ప్రమాదం. కానీ ఈ బెల్టులో భద్రత సంగతి రేపు చూద్దామనే హక్కు ఆ రోజు తర్వాత ఎవరికీ లేదు.

నడకలో టూలు అరుగుతుంటుంది. సీఎన్ఎంజీ ఇన్సర్టుకి నాలుగు అంచులు. ఒక అంచు ఎన్ని ముక్కలకి వస్తుందో మొదటి లాటులోనే లెక్కపెట్టి రాసుకోవాలి. చప్పుడు మారితే మార్చుదామంటే అప్పటికే బోరు నునుపు పోయి ఉంటుంది. ప్రతి పదో ముక్కనో ఇరవయ్యో ముక్కనో కొలిచి, ఒక గీతల కాగితం మీద చుక్క పెట్టాలి. చుక్కలు ఒకే వైపు జారుతుంటే టూలు అరుగుతోందన్నమాట. హద్దు దాటక ముందే ఆఫ్‌సెట్ ఇవ్వాలి. ఈ చార్టుని 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ కనిపెట్టాడు. మనకి హబ్సిగూడలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల క్వాలిటీ విభాగం ఉంది. నేర్పడానికి మనిషి లేడని చెప్పడానికి వీల్లేదు. వందేళ్ల పాత కాగితపు పరిజ్ఞానం ఇంకా చేరని చోట గోడకి టీవీ తగిలించి డ్యాష్‌బోర్డు నడిపిస్తామని వచ్చేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. డేటా తప్పైతే టీవీలో కూడా తప్పే కనబడుతుంది.

కూలెంటు గురించి రెండు మాటలు. నీళ్లలో ఆరేడు శాతం నూనె కలిపిన తెల్లటి ద్రవం. ఎండాకాలం నీరు ఆవిరై చిక్కబడుతుంది, హెల్పరు బకెట్టుతో వట్టి నీళ్లు పోస్తాడు, పలచబడుతుంది. పలచబడితే ముక్క తుప్పు పడుతుంది, టూలు త్వరగా పోతుంది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పొద్దున షెడ్డులో కుళ్లు వాసన వస్తే కూలెంటు చెడిందని అర్థం. రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరంలో ఒక చుక్క వేసి కంటికి పెట్టుకుంటే ఎంత శాతం ఉందో తెలుస్తుంది. ధర ఒక్క మంచి బోరింగు బారు కన్నా తక్కువే. చెడిన కూలెంటుని కాలవలో వదలకూడదు. నక్కవాగు పక్కన బతికిన ఊళ్లకి ఈ మాట మళ్లీ చెప్పక్కర్లేదు.

బోరు అంచుల్లో సన్నని ముళ్లలా మిగిలే బర్రుని చేత్తో తీస్తారు. తీయకపోతే షాఫ్టు గీసుకుపోతుంది. ఈ షెడ్లలో దీనికి మిషను ఉండదు, చేతికి పనిచెప్పే చోటిది. చాలా షెడ్లలో ఈ పని ఆడవాళ్లు చేస్తారు. షెడ్డులో అందరికన్నా ఎక్కువ ముక్కల్ని దగ్గరగా చూసేది వాళ్లే, గీతలూ గాట్లూ ముందు పట్టుకునేదీ వాళ్లే. కానీ తనిఖీ రిజిస్టరులో సంతకం వాళ్లది ఉండదు. ఇది మార్చడానికి పైసా ఖర్చు లేదు.

తర్వాత కడిగి, ఆరబెట్టి, తుప్పు నూనె పూయాలి. ఇక్కడ చేతి తొడుగులు తప్పనిసరి. చెమటలో ఉప్పు ఉంటుంది. వట్టి వేళ్లతో పట్టుకున్న బుష్షు పెట్టెలో కూర్చుని ఓడలో వారాల తరబడి పోతుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే కంటైనరులో తేమ నీటిబొట్లవుతుంది. అవతల పెట్టె తెరిచేసరికి వేలిముద్ర గీతలతో సహా తుప్పుగా అచ్చుపడి ఉంటుంది. 21 మైక్రాన్ల మీద పడ్డ కష్టమంతా ఒక వేలు తుడిచేసిందన్నమాట. అందుకే తుప్పుని ఆపే వీసీఐ కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, అప్పుడు పెట్టెలో పెడతారు. చెక్క పెట్టె అయితే చెక్కని లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, ముద్ర వేయించాలి. పురుగు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకుండా పెట్టిన అంతర్జాతీయ నిబంధన ఇది. ముద్ర లేకపోతే రేవులో పెట్టె ఆగిపోతుంది, లోపల సరుకు ఎంత బాగున్నా సరే.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అవి భయపెట్టినంత కష్టమైనవి కావు. డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ కోడు ఉండాలి. జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇస్తే పన్ను కట్టకుండా పంపవచ్చు. ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు, హెచ్ఎస్ కోడు. ఇలాంటి బుష్షులు 8483 కింద వస్తాయి. కస్టమ్స్ ఏజెంటు ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు వేస్తాడు. కంటైనరు నిండా సరుకు లేని చిన్నవాళ్లది ఇతరుల సరుకుతో కలిపి సనత్‌నగర్ కంటైనరు డిపో నుంచి ముంబై దగ్గరి నవా షేవా రేవుకి పోతుంది. తొందరైతే శంషాబాద్ నుంచి విమానంలో. 2021 జనవరి నుంచి రోడ్‌టెప్ పథకం కింద కొంత పన్ను వెనక్కి వస్తుంది. డబ్బు ఎగ్గొడతారన్న భయానికి ఈసీజీసీ బీమా ఉంది, 1957 నుంచీ ఉంది.

కష్టమైనది ఇంకోటి. మొదటి ఆర్డరు తర్వాత కొనేవాడు పంపే ఫిర్యాదు మెయిలు. "ఏడు ముక్కల్లో బోరు టైటుగా ఉంది, కారణం రాయండి, మళ్లీ జరగకుండా ఏం చేశారో రాయండి." దీన్ని అవమానంగా తీసుకునేవాళ్లు డిస్కౌంటు ఇచ్చి చేతులు దులుపుకుంటారు. జవాబు రాయడానికి కూర్చున్నవాళ్లు వేడి ముక్కని కొలిచిన సంగతి అప్పుడు పట్టుకుంటారు. ఈజిప్టులోని ఫోవా అనే ఊళ్లో తివాచీలు నేసే చిన్న యూనిట్లకి ధనిక దేశాల ఆర్డర్లు ఇప్పించి చూసిన ప్రయోగం ఒకటుంది. ఆర్డర్లు అందుకున్నవాళ్ల నాణ్యత పెరిగింది, లాభాలు 16 నుంచి 26 శాతం దాకా పెరిగాయి. కొనేవాడితో వచ్చే ఉత్తర ప్రత్యుత్తరాలే వాళ్లకి చాలావరకు పాఠాలయ్యాయి. మన షెడ్లలో ఇంకొకరి పేరు మీద ఎగుమతి చేసేవాళ్లు పోగొట్టుకునేది కమీషను ఒక్కటే కాదు. ఆ మెయిలు వాళ్లదాకా రాదు.

మరి యజమాని రెండో యంత్రానికి ఎందుకంత తొందరపడతాడు? యంత్రానికి బ్యాంకు అప్పు ఇస్తుంది, ప్రారంభానికి పూజ ఉంటుంది, బంధువులొస్తారు. సెటప్ షీటుకి ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలాస్ బ్లూమ్ బృందం ముంబై దగ్గర తారాపూర్, ఉంబర్‌గావ్ ప్రాంతపు నేత మిల్లుల్లో చేసిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కొత్త యంత్రాలు ఇవ్వలేదు. చెడిపోయిన బట్ట లెక్క రాయడం, విడిభాగాలు అరల్లో సర్దడం, మగ్గం ఎందుకు ఆగిందో రాయడం లాంటి 38 అలవాట్లు నేర్పించారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అవి కర్దనూర్ షెడ్ల కన్నా చాలా పెద్దవి, ఒక్కోదాంట్లో వందల మంది. అయినా వాటి యజమానులు కూడా, తమకి ఇవి అక్కర్లేదనే మొదట అనుకున్నారు.

సాయం అడగడానికి చోట్లు లేకపోలేదు. బాలానగర్‌లో 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ సంస్థ ఉంది, సెట్టర్లకీ ప్రోగ్రామర్లకీ కోర్సులు నడుపుతుంది, గేజిలు సరిచూస్తుంది. తయారీ నాణ్యతకి ఇచ్చే జెడ్ సర్టిఫికెట్టు ఫీజులో కేంద్రం సూక్ష్మ పరిశ్రమకి 80 శాతం, చిన్నదానికి 60 శాతం భరిస్తుంది, మహిళలు నడిపేవాటికి మొత్తం. రాష్ట్రంలో 65 ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త శిక్షణ కేంద్రాలుగా మారుస్తున్నారు. అక్కడి నుంచి వచ్చే పిల్లలకి సీఎన్‌సీ కొత్త కాదు. వాళ్లని సెట్టరుకి పోటీగా తెచ్చి పెడితే సెటప్ షీటు ఇంకో పదేళ్లు తలలోనే ఉండిపోతుంది. సెట్టరు చేతికింద పెట్టి, నేర్పినందుకు అతనికే డబ్బిస్తే బయటికొస్తుంది.

కాబట్టి ఈ బెల్టులో షెడ్డు నడిపేవాళ్లకి ఒక మనవి. రెండో యంత్రం కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు, ఉన్న యంత్రం పక్కన ఒక రిజిస్టరు వేలాడదీయండి. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎంతసేపు, ఈ మూడే గళ్లు. నెల రోజులు రాయించండి. కానీ రాయించడానికి ముందు రోజే సెట్టరుతో కూర్చుని మాట్లాడండి. సెటప్‌లో మిగిలిన ప్రతి గంటకీ అతనికి ఎంత ఇస్తారో, ఓటీ తగ్గితే నెల చివర అతని చేతికొచ్చే మొత్తం తగ్గదని ఎలా చూస్తారో, అంకె వేసి, కాగితం మీద రాసి ఇవ్వండి.